ఆండ్రియా గెయిల్ తిరిగి రాలేదు

అమెరికా ఈశాన్య తీరంలో, మసాచుసెట్స్ రాష్ట్రంలో, గ్లాస్టర్ అనే రేవు పట్నం ఉంది. 1623లో ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు అక్కడ వేట మొదలుపెట్టారు. ఆనాటి నుంచి ఆ ఊరికి అన్నం పెట్టిందీ సముద్రమే, కడుపుకోత మిగిల్చిందీ సముద్రమే. రేవుకి ఎదురుగా చుక్కాని చక్రం పట్టుకుని దూరంగా చూస్తున్న జాలరి కంచు విగ్రహం ఉంది, 1925 నాటిది. దాని దగ్గరున్న ఫలకాల మీద వేటకి పోయి తిరిగిరాని వాళ్ళ పేర్లు పోతపోశారు. మొత్తం 5,300 పైచిలుకు. దేశాల మధ్య యుద్ధాలకి కూడా ఒక్క చిన్న ఊరు అంతమందిని ఇవ్వదు.

ఆ వరసలో 1991లో పోయిన ఆరుగురు ఉన్నారు. బిల్లీ టైన్, బాబీ షాట్‌ఫర్డ్, డేల్ మర్ఫీ, డేవిడ్ సల్లివన్, మైకేల్ మొరాన్, ఆల్ఫ్రెడ్ పియర్. టైన్ కెప్టెన్, మిగిలిన అయిదుగురూ కళాసీలు. వాళ్ళెక్కిన పడవ పేరు ఆండ్రియా గెయిల్.

ఈ పేరు వినగానే చాలామందికి ఒక సినిమా గుర్తొస్తుంది. కొండంత అల మీదికి పడవ ఎగబాకుతుంది, సగం ఎక్కుతుంది, వెనక్కి దొర్లిపోతుంది. చూసినవాళ్ళకి అది ఇక మరిచిపోలేని దృశ్యం. చిక్కేమిటంటే, అది జరగడం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ పడవ ఎప్పుడు మునిగిందో, ఎక్కడ మునిగిందో, ఎలా మునిగిందో ఈ రోజుకీ తెలియదు. తెలియని చోట మనం బొమ్మ గీసుకున్నాం, గీసుకున్న బొమ్మనే జ్ఞాపకంగా మోస్తున్నాం. అందుకని ఈ కథని తెలిసినంత మేరకే చెప్పి, తెలిసింది ఎక్కడ ఆగిపోతే అక్కడ నేనూ ఆగుతాను. ఆ ఆరుగురికీ ఆపాటి మర్యాద దక్కాలి.

ఆండ్రియా గెయిల్ ఉక్కు పడవ. పొడవు 72 అడుగులు. మన విశాఖ రేవులో వరసగా కట్టేసి ఉండే మరబోట్లు చాలావరకు దీనికంటే చిన్నవే. 1978లో ఫ్లోరిడాలోని పనామా సిటీలో కట్టారు. ఇంజను ఒక్కటే, 365 అశ్వశక్తిది. అది ఆగిందంటే ఇక పడవ అల చెప్పినట్టు వినాల్సిందే. 1980ల్లో దూరపు వేటకి పనికొచ్చేలా దానికి మార్పులు చేశారు. వెనక భాగం పెంచారు, అక్కడ అదనంగా ఇంధనం పెట్టుకునే వీలు కల్పించారు. పడవలో బరువు ఎంత పైకి చేరితే, ఒరిగాక మళ్ళీ నిటారుగా నిలబడే బలం అంత తగ్గుతుంది. పడవ పోయాక ఈ మార్పుల మీద చాలా చర్చ నడిచింది. పోకముందు మాత్రం అది ఎన్నో వేటలు చేసి క్షేమంగా వచ్చిన పడవే.

వాళ్ళు వేటాడేది కత్తిచేపని. ఉత్తరాంధ్ర జాలర్లకి కొమ్ముకోనాం తెలుసు కదా, చూడ్డానికి ఇంచుమించు అలాంటిదే. పైదవడ బారుగా సాగి కత్తిలా ఉంటుంది. పగలు లోతుల్లో ఉండి రాత్రి మేతకి పైకొస్తుంది. అందుకే గాలాలు చీకటిపడే వేళకి నీళ్ళలో పడాలి. పడవ మెల్లగా పోతూంటే వెనకవైపు నుంచి ఒకే తాడు వదులుతూ పోతారు, ముప్పై నలభై మైళ్ళ పొడుగున. దానికి కొంత కొంత ఎడంలో గాలాలు, మొత్తం వెయ్యి దాకా. ఒకడు గాలానికి స్క్విడ్డో కానగంతో గుచ్చుతాడు. పక్కవాడు గాలం దారాన్ని పెద్దతాడుకి తగిలిస్తాడు, చేపని రప్పించడానికి దాని పక్కన వెలుగు పుల్ల కడతాడు. విరిస్తే లోపలి రసాయనాలు కలిసి వెలిగే పుల్ల అది. తర్వాత గాలాన్ని నీళ్ళలోకి విసరాలి. తాడు ఆగదు, పడవ ఆగదు. విసిరే క్షణంలో గాలం కొస అరచేతికో చొక్కా చేతికో పట్టుకుందా, ఆ మనిషి కూడా ఎరతో పాటు సముద్రంలోకి పోతాడు. పక్కవాడి నడుముకి కత్తి ఉంటే, ఆ కత్తి వేళకి చేతికొస్తే, తాడు తెగుతుంది. ఇలా గంటల తరబడి, రోజూ, ఊగుతున్న తడి డెక్కు మీద.

తెల్లవారాక తాడు లాగడం. చేప పైకి రాగానే తల, రెక్కలు కోసి, పేగులు తీసి, కడిగి, కింద గోదాంలో ఐసులో పూడ్చాలి. పొట్టలో కూడా ఐసు కూరాలి. లాగడం అయ్యేసరికి మళ్ళీ వదిలే వేళవుతుంది.

ఇంత చాకిరీకీ జీతం లేదు, వాటానే. చేపలు అమ్మిన డబ్బులోంచి డీజిలు, ఎర, ఐసు, తిండి ఖర్చులు తీసేస్తారు. పడవ వాటా యజమాని తీసుకుంటాడు. మిగిలింది కెప్టెనూ కళాసీలూ పంచుకుంటారు. చేప పడకపోతే నెలరోజుల కష్టానికి చేతికొచ్చేది ఏమీ ఉండదు. కాకినాడ బోటు మీద పనిచేసే కళాసీకి ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

1991 సెప్టెంబరు 20న ఆండ్రియా గెయిల్ గ్లాస్టర్ వదిలింది. పోయింది న్యూఫౌండ్‌లాండ్ దగ్గరి గ్రాండ్ బ్యాంక్స్‌కి. ఉత్తరం నుంచి వచ్చే లాబ్రడార్ చలినీరూ, దక్షిణం నుంచి వచ్చే గల్ఫ్ స్ట్రీమ్ వెచ్చనీరూ అక్కడ కలుస్తాయి. నీళ్ళు కలిసే చోట మేత ఉంటుంది, మేత ఉన్నచోట చేప ఉంటుంది. వందల ఏళ్ళుగా యూరప్ నుంచి కూడా పడవలు వచ్చి పట్టుకుపోయిన చోటు అది. ఆ ఏడు మాత్రం టైన్‌కి అక్కడ కలిసిరాలేదు. వారాలు గడుస్తున్నాయి, గోదాంలో సరుకు లేదు, ఖర్చు పెరుగుతోంది. అప్పుడు టైన్ ఇంకా తూర్పుకి, ఫ్లెమిష్ క్యాప్‌కి పడవ నడిపాడు. ఇంటికి అసలే దూరం, అది ఇంకొంత పెరిగింది. అయితే చేప దొరికింది.

చేప దొరికాక ఐసు యంత్రం మొరాయించింది.

నాకు ఈ కథ మొత్తంలో గుండె పట్టేసేది ఈ ముక్క. పెద్ద పెద్ద అలలూ తుపానులూ తర్వాతి సంగతి. ముందొచ్చింది సముద్రపు నీటిని ఐసు చేసే మామూలు యంత్రం పాడవడం. గోదాంలో ఉన్నది ఆరుగురి నెల రోజుల కష్టం. ఐసు కరిగితే చేప మెత్తబడుతుంది, మెత్తబడితే రేవులో రేటు పడిపోతుంది, ఇంకా ఆలస్యమైతే కొనేవాడే ఉండడు. మునుపే వేట సరిగ్గా సాగలేదు. ఇక ఎదురుచూడటానికి వీల్లేదు. వాతావరణం చెడుతోందని కబుర్లు వస్తూనే ఉన్నా, అక్టోబరు నెలాఖరులో టైన్ పడవ ముక్కు ఇంటివైపు తిప్పాడు.

తర్వాత చాలామంది అతన్ని తప్పుపట్టారు. దురాశ అన్నారు, మొండితనం అన్నారు. ఒడ్డున కుర్చీలో కూర్చుని అనడం తేలిక. ఆ జలాల్లో అక్టోబరులో గాలివాన లేని వారం ఉండదు. ప్రతి హెచ్చరికకీ ఆగితే ఆ వృత్తిలో ఎవరూ పూట గడుపుకోలేరు. టైన్ కొత్తవాడు కాదు, ఎన్నో తుపానులు దాటినవాడు. దాటిన ప్రతి తుపానూ మనిషికి ధైర్యాన్నిస్తుంది, ఆ ధైర్యం తర్వాతి తుపానుకి సరిపోతుందో లేదో చెప్పదు. అతని తప్పు ఉంటే ఉండొచ్చు. కానీ అతని ముందున్న రెండు దారుల్లో ఒకటి నష్టమని ఖాయంగా తెలుసు, రెండోది ప్రమాదమేమోనని అనుమానం. ఖాయమైన నష్టానికీ అనుమానపు ప్రమాదానికీ మధ్య బీదవాడు దేన్ని ఎంచుకుంటాడో కొత్తగా కనిపెట్టక్కర్లేదు.

ఇక ఆకాశం సంగతి. అక్టోబరు 27, 28 తేదీల్లో అమెరికా నేల మీద నుంచి ఒక చలిగాలుల కెరటం అట్లాంటిక్ మీదికి కదిలింది. కెనడా వైపు బలమైన అధిక పీడనం కూర్చుని ఉంది. దక్షిణాన, బెర్ముడా దాపుల్లో, గ్రేస్ అనే హరికేన్ తిరుగుతోంది. ఈ చలిగాలి అంచున, కెనడాలోని నోవాస్కోషియాకి తూర్పున, ఒక అల్పపీడనం పుట్టింది. ఉత్తరపు చలి ఒకవైపు, గ్రేస్ మోసుకొచ్చిన వెచ్చని తేమ ఒకవైపు. రెండూ అందేసరికి అది చూస్తుండగానే పెద్దదైంది, చివరికి గ్రేస్‌నే తనలో కలిపేసుకుంది. బంగాళాఖాతంలో వాయుగుండం వెచ్చని నీటి నుంచి బలం తెచ్చుకుంటుంది. ఇది అలా కాదు, చలికీ వేడికీ మధ్య ఉన్న తేడా మీద బతికింది. ఆ ప్రాంతపు తుపానులు మామూలుగా ఈశాన్యంగా నడిసముద్రంలోకి వెళ్ళిపోతాయి. ఇది ఎదురు నడిచి పడమరకి, అమెరికా తీరం వైపు వచ్చింది. 30వ తేదీకి దాని నడుమ పీడనం 972 మిల్లీబార్లకి దిగింది. ఆ తర్వాత, నవంబరు 1న, దాని కడుపులోనే ఒక చిన్న హరికేన్ పుట్టింది. అప్పటికే జనం, పత్రికలూ మొదటి దెబ్బ గొడవలో ఉన్నారని, ఇంకో పేరు పెడితే గందరగోళమవుతుందని దానికి పేరే పెట్టలేదు.

అక్టోబరు 28, సోమవారం. సాయంత్రం ఆరు గంటల వేళ టైన్ రేడియోలో మాట్లాడాడు. అవతల ఉన్నది లిండా గ్రీన్‌లా, హన్నా బోడెన్ అనే కత్తిచేపల పడవకి కెప్టెన్. రెండు పడవలకీ యజమాని ఒకడే. మగవాళ్ళ రాజ్యంలాంటి ఆ వృత్తిలో ఒక ఆడమనిషి కెప్టెన్ కావడం అప్పటికి అరుదు. వేటలో ఆమెది గట్టి చెయ్యి అని పేరు. టైన్ తానెక్కడున్నాడో చెప్పాడు: ఉత్తర అక్షాంశం 44 డిగ్రీలు, పశ్చిమ రేఖాంశం 56 డిగ్రీల 40 నిమిషాలు. అట్లాంటిక్‌లోని సేబుల్ దీవికి తూర్పున 162 మైళ్ళు. అలలు 30 అడుగులున్నాయన్నాడు. గాలి ఉండుండి 80 నాట్లతో, అంటే గంటకి 150 కిలోమీటర్ల వేగంతో కొడుతోందన్నాడు. తుపాను వస్తోందనీ, గట్టిగానే వస్తోందనీ చుట్టుపక్కల పడవలవాళ్ళని హెచ్చరించాడని చెబుతారు.

అంతే. ఆండ్రియా గెయిల్ నుంచి మళ్ళీ మాట రాలేదు.

తెలిసిన కథ ఇక్కడితో ఆఖరు. తర్వాత ఏమైందో ఊహించడానికి కావలసినంత సామగ్రి ఉంది. పడవ అలకి అడ్డం తిరిగి ఉండొచ్చు, చక్రం గది అద్దాలు పగిలి నీళ్ళు లోపలికొచ్చి ఉండొచ్చు, ఇంజను ఆగి ఉండొచ్చు. ఏది ముందో ఏది తర్వాతో, అసలు వీటిలో ఏదైనా జరిగిందో లేదో చెప్పగలిగినవాడు ఒడ్డు చేరలేదు. అక్టోబరు 30న నోవాస్కోషియా బయట అలల ఎత్తు కొలిచే ఒక బోయా 100 అడుగులు దాటిన అలని నమోదు చేసింది. ఆ అలే ఆండ్రియా గెయిల్‌ని మింగిందని ఇప్పటికీ రాస్తుంటారు. తేదీలు చూడండి. ఆ పడవ గొంతు ఆగింది 28 రాత్రి, ఆ అల లేచింది 30న. మధ్యలో నిండా ఒక రోజు ఉంది. పెద్ద పడవ నష్టానికి పెద్ద అల కావాలని మన మనసు కోరుకుంటుంది కాబట్టి రెండిటినీ ముడేశాం. 30 అడుగుల అలలే చాలేమో, ఎవరికి తెలుసు.

తుపాను మాత్రం ఒడ్డున ఉన్నవాళ్ళని కూడా వదల్లేదు. న్యూ ఇంగ్లండ్ తీరం పొడుగునా ఇళ్ళు కూలాయి. మెయిన్ రాష్ట్రం కెన్నెబంక్‌పోర్ట్‌లో నాటి అధ్యక్షుడు జార్జి బుష్ సముద్రపు ఇల్లు కూడా దెబ్బతింది. మొత్తం 13 మంది చనిపోయారు. వాళ్ళలో ఒకడు ఇతరులని కాపాడబోయి పోయినవాడు. న్యూయార్క్ ఎయిర్ నేషనల్ గార్డ్ హెలికాప్టరు ఒకటి నడిసముద్రంలో చిక్కుకున్న ఒంటరి నావికుడి కోసం బయల్దేరింది. తిరుగుదారిలో గాలిలోనే ఇంధనం నింపుకోవాలి. ఆ గాలికి గొట్టం అందలేదు, ఎన్నిసార్లు ప్రయత్నించినా కుదరలేదు. ఇంధనం అయిపోయి చీకట్లో సముద్రం మీదే దిగిపోవాల్సి వచ్చింది. అయిదుగురిలో నలుగురిని కోస్ట్ గార్డ్ ఓడ టామరోవా గంటల తర్వాత పైకి లాగింది. అయిదోవాడు దొరకలేదు. సినిమా పుణ్యమా అని ఆండ్రియా గెయిల్ పేరు లోకానికంతా తెలిసింది. ఆ అయిదోవాడి కోసం కూడా ఎక్కడో ఒక ఇంట్లో అన్నం చల్లారిపోయింది.

30వ తేదీకి ఆండ్రియా గెయిల్ రావాల్సిన వేళ దాటిపోయిందని కబురు అందింది. వెతుకులాట మొదలైంది. అమెరికా, కెనడా కోస్ట్ గార్డులు, వైమానిక దళాలు కలిసి గాలించిన నీటి విస్తీర్ణం 1,86,000 చదరపు నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 6.4 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపినా అందులో సగం రావు. అంత నీటిలో దొరికినవి కొన్ని ఇంధన పీపాలు, ఒక ఖాళీ లైఫ్ రాఫ్టు, మరికొన్ని తేలే సామాన్లు. నవంబరు 6న సేబుల్ దీవి నైరుతి ఒడ్డున పడవ తాలూకు ప్రమాద సూచిక కనబడింది. నీళ్ళలో పడగానే దానంతటదే ఉపగ్రహానికి కేకపెట్టాల్సిన పెట్టె అది. కేక పెట్టలేదు. దొరికేటప్పటికి దాని మీట ఆపేసి ఉందన్నారు. నిజమేనా, ఎందుకు ఆపారు, ఎవరు ఆపారు అన్న వాదం ఎన్నాళ్ళో నడిచింది. నవంబరు 9న, ఇక బతికుండే వీల్లేదని వెతకడం ఆపేశారు. ఆరుగురిలో ఒక్కరి శరీరం కూడా దొరకలేదు.

గ్లాస్టర్ రేవు పక్క క్రోస్ నెస్ట్ అని ఒక బారు ఉంది. కింద బారు, పైన అద్దెగదులు. వేట నుంచి వచ్చిన కళాసీలు దిగేది అక్కడే. పోయిన ఆరుగురిలో ఒకడి తల్లి ఆ బారులోనే పని చేసేది. వాటా డబ్బు చేతికి రాగానే మగపిల్లలు ఎంత ధీమాగా ఖర్చుపెడతారో ఏళ్ళ తరబడి బల్లకి ఇవతల నుంచి చూసిన మనిషి. ఆ రోజుల్లో ఊళ్ళోవాళ్ళు కబురు కోసం అక్కడ చేరేవారు. వెతుకులాట ఆపేశామన్న మాట విన్నాక కూడా ఇళ్ళల్లో ఆశ చావదు. శవాన్ని చూడని ఏడుపు పూర్తి కాదు.

ఈ మాట అక్కడివాళ్ళ కంటే మన తీరంవాళ్ళు బాగా చెప్పగలరు. ఆ పెట్టె సేబుల్ దీవిలో దొరికింది నవంబరు 6 అన్నాను. సరిగ్గా అయిదేళ్ళకి, 1996 నవంబరు 6 రాత్రి, కాకినాడకి దిగువన తుపాను తీరం దాటింది. చిన్న తుపాను, గాలి మాత్రం రాక్షసి. కోనసీమ కొబ్బరి చెట్లు నడుములు విరిగి పడ్డాయి. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళు కళ్ళముందే ఛిద్రమయ్యాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు, గల్లంతైనవాళ్ళు అంతకంటే ఎక్కువ. సముద్రం మీద ఉన్న జాలర్లు వాళ్ళలో ఎందరో. నాటు పడవలో రేడియో ఎక్కడిది? ఫలానా అక్షాంశంలో ఉన్నాం, అలలు ఇంతున్నాయి అని ఆఖరి మాట చెప్పే వీలు కూడా వాళ్ళకి లేదు. గల్లంతైన మనిషి చట్టానికి వెంటనే చనిపోడు. కబురూ కాకరకాయా లేకుండా ఏడేళ్ళు గడిస్తే తప్ప పోయినట్టు లెక్కలోకి తీసుకోదు. మధ్యలో ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వులిస్తేనే ఏదైనా సాయం అందేది. ఈలోపు ఆ ఇంటి ఆడమనిషి బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో ఎవరు చెబుతారు? దినకర్మ ఏ తిథికి చెయ్యాలి? బిడ్డ పెళ్ళి శుభలేఖలో తండ్రి పేరు ముందు ఏం రాయాలి? తుపాను ఒక రాత్రిలో వెళ్ళిపోతుంది, ఈ ప్రశ్నలు ఇంట్లో కాపురం పెడతాయి.

గ్లాస్టర్ ఆరుగురికి ఇంకోలాంటి కష్టం వచ్చింది. 1997లో సెబాస్టియన్ యుంగర్ ఈ ఉదంతం మీద పుస్తకం రాశాడు. బోస్టన్ వాతావరణ కార్యాలయంలో పనిచేసిన బాబ్ కేస్ అతనికి చెప్పిన మాటలోంచి ‘ది పర్ఫెక్ట్ స్టార్మ్’ అన్న పేరు పుట్టింది. యుంగర్ జాగ్రత్తపడ్డ రచయిత. పడవ లోపల ఏమైందో తెలియదు కాబట్టి, అలాంటి ప్రమాదాల నుంచి బతికి బయటపడ్డ ఇతరులు చెప్పినవి తీసుకుని, ఇలా జరిగి ఉండొచ్చు అన్న చోట ఉండొచ్చు అనే రాశాడు. 2000లో సినిమా వచ్చింది. వుల్ఫ్‌గాంగ్ పీటర్సన్ తీశాడు, టైన్‌గా జార్జి క్లూనీ. సినిమాకి ఉండొచ్చు అంటే కుదరదు. తెర మీద ఏదో ఒకటి జరగాలి. అందుకని టైన్ చేత మాట్లాడించారు, కళాసీలు ఒకరితో ఒకరు పోట్లాడారు, ప్రమాదమని తెలిసీ ముందుకే పోదామని నిర్ణయించుకున్నారు, చివరికి మునిగారు. పేర్లు మాత్రం అసలువే.

టైన్ కూతుళ్ళూ, మర్ఫీ కుటుంబమూ ఫ్లోరిడాలో కోర్టుకి వెళ్ళారు. మా అనుమతి లేకుండా మా మనిషి పేరు, రూపం వ్యాపారానికి వాడుకున్నారు, అతను ఎన్నడూ చెయ్యనివి చేసినట్టు చూపించారు అన్నది వాళ్ళ ఫిర్యాదు. కేసు కింది కోర్టులో ఓడి, పై కోర్టుకి పోయి, అక్కడి నుంచి ఒక చట్టం అర్థం తేల్చమని ఫ్లోరిడా సుప్రీం కోర్టుకి చేరింది. 2005లో తీర్పు వచ్చింది. వ్యాపార అవసరానికి పేరు వాడకూడదన్న ఆ చట్టం సరుకులమ్మే ప్రకటనల్లాంటి వాటికే గానీ సినిమాలకి వర్తించదని తేల్చారు. నిర్మాతలు గెలిచారు.

న్యాయంగా చూస్తే ఆ తీర్పుని కాదనలేను. పోయినవాళ్ళ కుటుంబాలు ఒప్పుకుంటే తప్ప జరిగిన సంగతుల మీద కథ చెప్పకూడదంటే చరిత్రే మిగలదు. ఈ వ్యాసం కూడా మిగలదు. అయినా ఆ కూతుళ్ళ పక్కనే నిలబడాలనిపిస్తుంది. తండ్రి ఆఖరి గంటల్లో ఏం మాట్లాడాడో, భయపడ్డాడో లేదో, ఎవరినైనా తలుచుకున్నాడో వాళ్ళకే తెలియదు. తెలియకపోవడమే వాళ్ళకి మిగిలిన ఆస్తి. దాన్ని ఒక పెద్ద నటుడి మొహంతో నింపేసి లోకమంతా చూపించారు. ఇకమీదట వాళ్ళు కళ్ళు మూసుకున్నా అడ్డొచ్చేది ఆ మొహమే.

లిండా గ్రీన్‌లా ఆ తుపాను నుంచి బయటపడింది. కత్తిచేపల వేట మీద 1999లో సొంతంగా పుస్తకం రాసింది, ఎంతో పేరొచ్చింది. 1991 తుపానులో దెబ్బతిన్న ఇళ్ళు మళ్ళీ లేచాయి. గ్లాస్టర్‌లో 2001లో జాలర్ల భార్యల కోసం కూడా సముద్రానికి ఎదురుగా ఒక విగ్రహం పెట్టారు. భర్త విగ్రహం నిలిచిన డెబ్భై ఆరేళ్ళకి భార్య విగ్రహం వచ్చిందన్నమాట.

ఇంకొక మనిషి గురించి చెప్పాలి. ఫలకం మీద ఆండ్రియా గెయిల్ వాళ్ళతో అతని పేరు ఉండదు, ఎందుకంటే అతను ఆ పడవ ఎక్కలేదు. ఆ సెప్టెంబరు వేటకి కళాసీగా కుదిరి, రేవుకి వచ్చి, పడవని చూశాడు. ఏం నచ్చలేదో కానీ, నేను రాను అని వెనక్కి వెళ్ళిపోయాడు. అతని చోటులో ఇంకొకరిని ఎక్కించుకున్నారు. నెల తర్వాత కబురు విన్నప్పుడు అతనికి ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. చుట్టుపక్కలవాళ్ళు అదృష్టవంతుడివన్నారేమో, దేవుడి దయ అన్నారేమో. కానీ అతనికి తెలిసిన పని వేటే. ఇల్లు గడవాలి. మళ్ళీ పడవలెక్కాడు. 1993 ఏప్రిల్‌లో దక్షిణ కరోలినా తీరం అవతల టెర్రీ లే అనే వేట పడవ గాలివానలో గల్లంతైంది. దాని మీద ఉన్నవాళ్ళలో అతనొకడు.